లెఫ్ట్ 4 డెడ్ 2: మీకు తగిన స్థాయి ఏదో మూడు సాయంత్రాల్లో తేల్చుకోవడం ఎలా

"అన్నా, అడ్వాన్స్‌డ్ పెట్టాలా, ఎక్స్‌పర్ట్ పెట్టాలా?"

అనంతపురంలో టవర్ క్లాక్‌కు కాస్త దూరంలో ఆరు కంప్యూటర్లతో ఆటల గది నడిపిన రోజుల్లో ఈ ప్రశ్న వినని సాయంత్రం లేదు. గది మూసేసి చాలా కాలమైంది. ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఫోనులో వస్తూనే ఉంది. అడిగేవాళ్లు ఎక్కువగా ఇంజనీరింగ్ హాస్టళ్ల కుర్రాళ్లు. నలుగురు మనుషులు, నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక రూటర్, శనివారం రాత్రి.

వాళ్ల కథ కూడా ఎప్పుడూ ఒకటే. "సీమవాళ్లం, ఈజీ పెడితే పరువేముంటుంది" అని నేరుగా ఎక్స్‌పర్ట్ పెడతారు. మొదటి అధ్యాయంలోనే ఆరేడుసార్లు చచ్చి, ఆట బాగాలేదంటారు. ఉగ్గానిలోకి బజ్జీ ఎంత కారంగా ఉంటే అంత మగతనం అనుకుని, రెండో ముద్దకే చెంబు వెతుక్కునే రకం. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. ఈజీలో కథలన్నీ ముగించి, వచ్చేసిందనుకుని పై స్థాయికి వెళ్తారు, పది నిమిషాల్లో తిరిగి వస్తారు. రెండు గుంపులకూ జవాబు ఒకటే కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వాల్వ్ సంస్థ 2009 నవంబరులో తెచ్చిన ఆట ఇది. పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది కాబట్టి హాస్టళ్లలో ఇంకా బతికి ఉంది. నలుగురు కలిసి జాంబీల మధ్య నుంచి ఒక సేఫ్ రూమ్ నుంచి మరో సేఫ్ రూమ్‌కు చేరాలి. కథలో నాలుగు స్థాయులు ఉంటాయి: ఈజీ, నార్మల్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్. రియలిజం అనేది స్థాయి కాదు, వేరే పద్ధతి. దాని సంగతి చివర్లో చెబుతాను.

కావలసినవి

- ఆట ఎక్కించిన కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్. కనీస అవసరం 2 జీబీ ర్యామ్, 13 జీబీ ఖాళీ స్థలం.
- మౌస్. ల్యాప్‌టాప్ మీది టచ్‌ప్యాడ్‌తో ఈ పరీక్షకు కూర్చోకండి. మీరు కొలిచేది టచ్‌ప్యాడ్ తిప్పలే అవుతాయి.
- ఇయర్‌ఫోన్లు. ఏ జాంబీ ఎటు నుంచి వస్తోందో చెవికే ముందు తెలుస్తుంది.
- ఒక నోటుపుస్తకం, పెన్ను.
- వీలైతే ముగ్గురు స్నేహితులు. లేకపోతే కంప్యూటర్ నడిపే బాట్లతో సరిపెట్టుకోవచ్చు. దానికి వేరే జాగ్రత్త ఉంది, కింద చెబుతాను.
- ఆటను తన యంత్రం మీద నడిపించే మనిషిది బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ అయి ఉండాలి. కరెంటు పోయి అతని యంత్రం ఆగిపోతే నలుగురి ఆటా అక్కడితో సరి, అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి.

ఇది పదిహేడేళ్లు దాటినవాళ్ల కోసం చేసిన ఆట, రక్తపాతం ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్లలు వెనుక నిలబడి చూస్తుంటే మరో సమయం చూసుకోండి.

మొదట ఈ నాలుగు వరుసలు పుస్తకంలో రాసుకోండి

ఈజీ: మామూలు జాంబీ దెబ్బకు మీ ఆరోగ్యంలో 1 పోతుంది. స్నేహితుడి తూటా తగిలినా ఏమీ కాదు. ట్యాంక్ (అన్నింటికంటే బలమైన భారీ జాంబీ) ఆరోగ్యం 3000.

నార్మల్: దెబ్బకు 2. స్నేహితుడి తూటా బలంలో 10 శాతం మీకు తగులుతుంది. ట్యాంక్ 4000.

అడ్వాన్స్‌డ్: దెబ్బకు 5. తూటా బలంలో 30 శాతం. ట్యాంక్ 8000.

ఎక్స్‌పర్ట్: దెబ్బకు 20. తూటా బలంలో 50 శాతం. ట్యాంక్ 8000.

మీ ఆరోగ్యం ఎప్పుడూ 100. అంటే ముందు నుంచి తగిలే మామూలు దెబ్బలు నార్మల్‌లో యాభై తినగలరు, ఎక్స్‌పర్ట్‌లో అయిదు.

ఇప్పుడు మారనివి చూడండి. మామూలు జాంబీ ఆరోగ్యం అన్ని స్థాయుల్లోనూ 50. దూకి మీద పడే హంటర్, నాలుకతో లాగే స్మోకర్ 250. దూసుకొచ్చి ఎత్తుకుపోయే ఛార్జర్ 600. ఏడుస్తూ కూర్చునే విచ్ 1000. ఎక్స్‌పర్ట్‌లో జాంబీలు గట్టిపడతాయని, తూటాలు దిగవని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది నిజం కాదు. మీ తుపాకీ ఈజీలో ఎంత పని చేసిందో అక్కడా అంతే చేస్తుంది. పెరిగేది మీ తప్పు ధర. ట్యాంక్ ఒక్కటే దీనికి మినహాయింపు. అందుకే "నేను బాగా కాలుస్తాను, పెద్ద స్థాయి పెట్టుకోవచ్చా?" అనే ప్రశ్న నన్ను అడగకండి. ఎన్ని తప్పులు చేస్తారో చెప్పండి, స్థాయి చెబుతాను. కింది మెట్లన్నీ ఆ తప్పులు లెక్కపెట్టడానికే.

1. ఒకే చోటును పరీక్షకు పెట్టుకోండి

ఒకరోజు వాన కురిసే కథ, ఒకరోజు సంతలో జరిగే కథ ఆడి రెండింటినీ పోలిస్తే లాభం లేదు. 'నో మెర్సీ' కథ మొదటి అధ్యాయం తీసుకోండి. మిద్దె మీద మొదలవుతుంది. తుపాకులు, నాలుగు వైద్యపు కిట్లు అక్కడే ఉంటాయి. దారి సూటిగా మెట్లు దిగి వీధిలోకి వస్తుంది. ఆట మొదలుపెట్టే చోట కథను, అధ్యాయాన్ని మీరే ఎంచుకోవచ్చు.

మీకు వేరే కథ బాగా అలవాటైతే అదైనా ఫరవాలేదు. ఒకసారి ఎంచుకున్నాక మూడు సాయంత్రాలూ అదే ఉండాలి.

2. నార్మల్‌లో మూడుసార్లు ఆడండి, నాలుగు అంకెలు రాయండి

ఒక్కసారి ఆడి తేల్చకూడదు. ఈ ఆటలో డైరెక్టర్ అనే లోపలి యంత్రాంగం ఉంది. మీ జట్టు ఎంత ఒత్తిడిలో ఉందో చూసుకుంటూ గుంపులను ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఊపిరి పీల్చుకోనివ్వాలో అదే నిర్ణయిస్తుంది. జాంబీలు, వస్తువులు ప్రతిసారీ ఒకేలా రావు. కాబట్టి ఒకసారి సులువుగా దాటడం అదృష్టం కావచ్చు. మూడుసార్లూ సులువుగా దాటితే నమ్మవచ్చు.

సేఫ్ రూమ్ తలుపు మూయగానే రాయవలసినవి ఇవి:

- చేరేసరికి మీ ఆరోగ్యం ఎంత
- ఎన్నిసార్లు కింద పడ్డారు (ఆరోగ్యం అయిపోయి, స్నేహితుడు వచ్చి లేపేదాకా లేవలేకపోవడం)
- జట్టు మొత్తం ఎన్ని కిట్లు వాడింది
- మీ తూటా స్నేహితులకు ఎన్నిసార్లు తగిలింది

నాలుగోదాన్ని ఎలా లెక్కపెట్టాలని అందరూ అడుగుతారు. మీ తూటా తగిలిన ప్రతిసారీ స్నేహితుడి పాత్ర అరుస్తుంది, తిడుతుంది. అరుపుకొక గీత. పక్కన కూర్చున్న మనిషి కూడా అరుస్తాడు కానీ ఆ గీతలు కలపకండి, వాళ్లు ఊరికే అరుస్తారు. కథ మొత్తం ఆడితే చివర పేర్లు పడేటప్పుడు ఎవరు స్నేహితులను ఎంత కాల్చారో ఆటే చెబుతుంది. అక్కడ బుకాయించడం కుదరదు.

హెచ్చరిక: ఆరోగ్యం రాసేటప్పుడు స్థిరమైనదే రాయండి. మాత్రలు మింగితే 50, అడ్రినలిన్ సూది వేసుకుంటే 25 వస్తాయి కానీ అవి తాత్కాలికం, కాసేపట్లో కరిగిపోతాయి. కింద పడ్డవాణ్ని లేపినప్పుడు వచ్చే 30 కూడా అలాంటిదే. "డెబ్బైతో చేరాను" అని చెప్పుకునేవాళ్లలో సగం మందికి అది మాత్రల డెబ్బై.

3. నార్మల్ దాటారా లేదా చూడండి

నా కొలత ఇది. ఆటల గదిలో ఎంతోమంది కుర్రాళ్లను చూసి పెట్టుకున్నది, కావలసినట్టు కాస్త సవరించుకోండి.

మూడు ఆటలూ కలిపి మీరు ఒక్కసారికి మించి కింద పడకూడదు. సేఫ్ రూమ్‌కు కిట్ వాడకుండా కనీసం 60 ఆరోగ్యంతో చేరాలి. అరుపుల గీతలు ఆటకు అయిదు దాటకూడదు. ఈ మూడూ ఉంటే పైకి వెళ్లండి.

మొదటి రెండూ బాగుండి గీతలు మాత్రం పది, పదిహేను వస్తే ఇంకా వెళ్లకండి. ఈ రకం ఆటగాడే అందరికంటే ప్రమాదం. తనకు ఏమీ కాదు, పక్కవాళ్లు పోతారు. నార్మల్‌లో పదిశాతమే కాబట్టి ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

కిందికి పడిపోతూ ఉంటే ఈజీకి దిగాలా? నేను దిగవద్దనే చెబుతాను. కీబోర్డు మీద వేళ్లు ఇంకా కుదురుకోని మనిషికి, దారులు తెలుసుకోవడానికి ఈజీ సరే. రెండు రోజులు చాలు. అక్కడ స్నేహితుడి తూటా తగలదు కాబట్టి చేతికి వచ్చినట్టు కాల్చే అలవాటు పడుతుంది. ఆ అలవాటు వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

4. అడ్వాన్స్‌డ్‌కు వెళ్లే ముందు నిలబడటం నేర్చుకోండి

నవ్వకండి. పై స్థాయుల్లో సగం ఆట ఎక్కడ నిలబడతారన్నదే.

ముందున్నవాడు గుంపు రాగానే కంట్రోల్ మీట నొక్కి కూర్చోవాలి. వెనుకవాళ్లు అతని తల మీదుగా కాల్చవచ్చు. ముందువాడు లేచి నిలబడితే వెనుకవాళ్లు తుపాకీ ఆపాలి. ఈ ఒక్క ఒప్పందంతో గీతలు సగానికి పడిపోయిన జట్లను చూశాను.

షాట్‌గన్ పట్టినవాడు ముందు ఉండాలి, వెనుక ఎప్పుడూ కాదు. దాని గుండు విచ్చుకుని నలువైపులా పోతుంది.

మూల చూసుకుని, వీపు గోడకు ఆనించి నిలబడండి. గుంపు ఒకే వైపు నుంచి రావాలి. బయట మైదానంలో గుంపును ఎదుర్కోవడం నార్మల్‌లో చెల్లింది, ఇక చెల్లదు.

మౌస్ కుడి మీటతో తోయడం మర్చిపోకండి. మీద పడ్డ నాలుగు జాంబీలను ఒక్క తోపుతో వెనక్కి నెట్టవచ్చు. కానీ ఆపకుండా తోస్తే చేయి అలసిపోయి తోపుకూ తోపుకూ మధ్య ఆలస్యం పెరుగుతుంది. తోయండి, కాల్చండి, మళ్ళీ తోయండి.

పైప్ బాంబును గుంపు వచ్చాక కాదు, వస్తున్న చప్పుడు వినగానే వేయండి. మామూలు జాంబీలు ఆ మోతకు దాని వెంట పరుగెత్తుతాయి. మీకు ఆరు సెకన్లు దొరుకుతాయి.

5. అడ్వాన్స్‌డ్‌లో అదే అధ్యాయం మూడుసార్లు

అవే నాలుగు అంకెలు, అదే పుస్తకం, పక్క పేజీ.

ఇక్కడ ఆరోగ్యం 60 ఉండాలని పట్టుబట్టకండి. 40 దాటితే చాలు. 40 అనే అంకె ఊరికే చెప్పలేదు. అంతకంటే తగ్గితే మీ పాత్ర కుంటడం మొదలుపెడుతుంది, జట్టు వెనుక పడుతుంది, వెనుక పడ్డవాణ్నే హంటర్ పట్టుకుంటుంది. పడటం ఆటకు ఒకటి వరకూ ఒప్పుకోవచ్చు. గీతలు మూడు దాటకూడదు.

రెండు అధ్యాయాలు వరుసగా ఆడేటప్పుడు ఇంకొకటి గమనించండి. రెండుసార్లు కింద పడి లేచాక తెర నలుపు తెలుపుగా మారుతుంది. మూడోసారి పడితే లేవరు, చావే. కిట్ వాడితే ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది, మాత్రలతో రాదు. "నాకింకా యాభై ఉంది కదా" అని నలుపు తెలుపు తెరతో నడిచే మొండివాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. ఆ యాభైని చూడకండి, తెరను చూడండి.

6. ట్యాంక్ పరీక్ష వేరుగా చేయండి

మొదటి అధ్యాయంతో ట్యాంక్ సంగతి తేలదు. అందుకని 'నో మెర్సీ' చివరి అధ్యాయం పెట్టండి. ఆసుపత్రి మిద్దె మీద హెలికాప్టర్ కోసం ఎదురుచూసే ఘట్టం. అక్కడ ట్యాంక్ తప్పకుండా వస్తుంది, ఒకటి కాదు.

పైన రాసుకున్న వరుసలు మళ్ళీ చూడండి. నార్మల్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు ట్యాంక్ ఆరోగ్యం రెట్టింపవుతుంది. అడ్వాన్స్‌డ్ నుంచి ఎక్స్‌పర్ట్‌కు అసలు పెరగదు. కానీ దాని గుద్దు నార్మల్‌లో 24, అడ్వాన్స్‌డ్‌లో 33, ఎక్స్‌పర్ట్‌లో ఒక్కటి పడితే పూర్తి ఆరోగ్యంతో ఉన్నవాడు కూడా నేల మీదే. అంటే అడ్వాన్స్‌డ్ ట్యాంక్ మీ ఓపికను పరీక్షిస్తుంది, ఎక్స్‌పర్ట్ ట్యాంక్ మీ దూరాన్ని పరీక్షిస్తుంది. రెండూ ఒకే పాఠం కాదు.

చేయవలసిన పని ఇది. సంగీతం మారి నేల అదరగానే ఎవరి దగ్గర మొలోటోవ్ (నిప్పంటించి విసిరే సీసా) ఉందో వాళ్లు "నేను" అని గట్టిగా చెప్పాలి. ఒక్కరే విసరాలి. అంటుకున్న ట్యాంక్ మంటకే చస్తుంది కానీ నిమిషం పైగా పడుతుంది. అంతవరకూ అది ఎవరి వెంట పడితే వాళ్లు పరుగెత్తాలి, మిగతా ముగ్గురూ కాల్చాలి. అది దిక్కు మార్చుకోగానే ఎవరి పని ఏదో మారుతుంది.

ఎక్కువమంది చేసే తప్పు మొలోటోవ్‌ను తమ కాళ్ల దగ్గరే వేయడం. ఇరుకు గదిలో నిప్పు పెట్టుకుని, బయట ట్యాంక్ ఉంటే ఏ వైపు పరుగెత్తుతారు? మొలోటోవ్ దొరకకపోతే బాధపడకండి, దూరం నుంచి నలుగురూ కలిసి కాల్చినా పడుతుంది. బండరాయి ఎత్తినప్పుడు మాత్రం ఏ గోడ చాటుకైనా తప్పుకోండి.

ఈ మిద్దెను అడ్వాన్స్‌డ్‌లో మూడు ప్రయత్నాల్లో ఒక్కసారైనా నలుగురూ దాటితే మీ జట్టు అడ్వాన్స్‌డ్ జట్టే. అక్కడే కొన్నాళ్లు ఉండండి. నా దృష్టిలో ఆట రుచంతా అక్కడే ఉంది. గుంపు భయపెడుతుంది, తప్పు చేస్తే దెబ్బ తగులుతుంది, అయినా సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. సంవత్సరాల తరబడి ఆడినవాళ్లలో కూడా చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

7. ఎక్స్‌పర్ట్

అడ్వాన్స్‌డ్‌లో గీతలు సున్నా వచ్చే సాయంత్రం ఒకటి వస్తుంది. ఆ సాయంత్రం ఎక్స్‌పర్ట్ మొదలుపెట్టండి, ముందు కాదు. ఇక్కడ పంపు షాట్‌గన్ గుండు దగ్గర నుంచి తగిలితే పూర్తి ఆరోగ్యంతో ఉన్న స్నేహితుడు ఒక్కసారిగా కూలిపోగలడు. జాంబీలు చేయలేని పని మీరు చేస్తారన్నమాట.

విచ్ విషయంలో కూడా తేడా పెద్దది. అడ్వాన్స్‌డ్ దాకా ఆమెను రెచ్చగొడితే కింద పడేస్తుంది, స్నేహితులు లేపవచ్చు. ఎక్స్‌పర్ట్‌లో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. ఏడుపు వినగానే టార్చి ఆర్పండి, దూరంగా తిరిగి వెళ్లండి. పక్కనుంచి వెళ్లడం తప్ప దారి లేకపోతే ఒక్కొక్కరే, నడుస్తూ వెళ్లాలి.

పైత్యం కక్కే లావు జాంబీ బూమర్‌ను దగ్గర పేల్చకండి. ఆ పైత్యం మీద పడితే గుంపు మీ మీదకే వస్తుంది, కళ్లు కనబడవు, ఒక్కో దెబ్బ ఇరవై. ముందు తోసి, వెనక్కి జరిగి, అప్పుడు కాల్చాలి.

అయిదారు ప్రయత్నాలకు కూడా మొదటి సేఫ్ రూమ్ చేరకపోతే ఆగి, ఆట మధ్యలోనే ఓటు పెట్టి స్థాయిని అడ్వాన్స్‌డ్‌కు దించవచ్చు. దించిన ఆటను మాత్రం పుస్తకంలో రాయకండి. అది ఏ స్థాయి లెక్కలోకీ రాదు.

కథలన్నీ ఎక్స్‌పర్ట్‌లో ముగించినవాళ్లకు ఆటలో 'స్టిల్ సమ్‌థింగ్ టు ప్రూవ్' అనే గుర్తింపు వస్తుంది. కొందరు దాని కోసమే ఆడతారు. ఆడండి, తప్పు లేదు.

8. రియలిజం: ఇది అయిదో స్థాయి కాదు

దీన్ని ఎక్స్‌పర్ట్ తర్వాతి మెట్టు అనుకుని అడుగుతారు. కాదు. ఇది విడి పద్ధతి, దీనిలోనూ స్థాయిని మళ్ళీ ఎంచుకోవాలి. గోడ అవతల ఉన్న స్నేహితుల ఆకారాల చుట్టూ మామూలుగా కనిపించే వెలుగు గీత ఇక్కడ ఉండదు. వస్తువులు మెరవవు, మాత్రల సీసా కోసం అల్మరాలు నిజంగానే వెతకాలి. చనిపోయినవాడు దారిలో ఏ గదిలోనో మళ్ళీ దొరకడు. డీఫిబ్రిలేటర్ (చనిపోయినవాణ్ని మళ్ళీ లేపే యంత్రం) ఉంటే సరే, లేకపోతే వచ్చే అధ్యాయం దాకా కూర్చుని చూడాల్సిందే. ఒంటి మీద కాలిస్తే జాంబీలు సులువుగా పడవు, తలకే గురిపెట్టాలి. విచ్ నార్మల్‌లో కూడా ఒక్క దెబ్బకు చంపుతుంది.

కాబట్టి ఎక్స్‌పర్ట్ రానివాళ్లు కూడా రియలిజాన్ని నార్మల్‌లో పెట్టి చూడవచ్చు. మాట్లాడుకోని జట్లకు నేను ఇచ్చే మందు ఇదే. ఎవరు ఎక్కడున్నారో కనబడదు కాబట్టి నోరు తెరిచి చెప్పక తప్పదు. రియలిజం, ఎక్స్‌పర్ట్ కలిపి ఒక కథ దాటితే వచ్చే గుర్తింపు పేరు 'ది రియల్ డీల్'. నా గదిలో అది సాధించిన జట్టు ఆ రాత్రి అరిచిన అరుపులకు కింది అంగడి యజమాని మెట్లెక్కి వచ్చాడు.

తరచూ చేసే తప్పులు

బాట్లతో ఆడి జట్టు స్థాయి తేల్చడం. బాట్లు గురి పెద్దగా తప్పవు, కంగారుపడి మీ వీపులో కాల్చవు. అలాగని బాంబులు, మొలోటోవ్ విసరవు. కాబట్టి బాట్లతో అడ్వాన్స్‌డ్ దాటిన మనిషి మనుషులతో అదే స్థాయిలో తడబడవచ్చు. ఒంటరిగా ఆడేవాళ్లు తమ లెక్కను తమ వరకే ఉంచుకోవాలి, స్నేహితులతో మొదటి సాయంత్రం ఒక మెట్టు దిగాలి.

కిట్‌ను తొందరపడి వాడటం. కిట్ మీరు పోగొట్టుకున్న ఆరోగ్యంలో 80 శాతం తిరిగి ఇస్తుంది. 70 ఉన్నప్పుడు వాడితే వచ్చేది 24. అదే 30 ఉన్నప్పుడు వాడితే 56. మరీ చివరిదాకా దాచుకుని, ఒంటి మీద దాచుకున్న కిట్‌తో సహా చనిపోవడం ఇంకో రకం పిసినారితనం.

ముందుకు పరుగెత్తడం. హంటర్, స్మోకర్, వీపెక్కి తోలుకుపోయే జాకీ, ఛార్జర్ పట్టుకుంటే సాధారణంగా విడిపించాల్సింది ఇంకొకరే. ఒంటరిగా ముందుకు పోయేవాడికి ఏ స్థాయీ తేలిక కాదు.

అలారం ఉన్న కారును కాల్చడం. మెరుస్తున్న దీపాలు కనబడితే ఆ వైపు తుపాకీ తిప్పకండి. గుంపు ఊరంతా కదిలి వస్తుంది.

మే నెల మధ్యాహ్నం పరీక్ష పెట్టుకోవడం. మా ఊళ్లో ఆ వేళ నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో, మిద్దె మీది గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఎక్స్‌పర్ట్‌లో అర సెకను ఆగడం అంటే ఇరవై ఆరోగ్యం. ఆ అంకెలు యంత్రానివి, మీవి కావు. సాయంత్రం ఏడు తర్వాత, ల్యాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు అటూ ఇటూ పెట్టి గాలి ఆడేలా చేసి ఆడండి.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మూడు సాయంత్రాల తర్వాత పుస్తకంలో కనీసం ఆరు ఆటల అంకెలు ఉండాలి. ఒకే స్థాయి మూడు ఆటల్లో ఆరోగ్యం 80, 75, 15 అని ఉంటే ఆ పదిహేను ఎందుకు వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. విచ్ తగిలిందా, దారిలో ట్యాంక్ వచ్చిందా, ఎవరైనా ఫోను ఎత్తడానికి లేచారా? కారణం దొరికితే ఆ ఆటను కొట్టేసి ఇంకొకటి ఆడండి. దొరకకపోతే కొట్టేయకండి, అదే మీ అసలు ఆట కావచ్చు.

తర్వాత వేరే కథలో సరిచూడండి. 'డెడ్ సెంటర్' రెండో అధ్యాయం పెట్టి, మీకు తేలిన స్థాయిలో ఒక్కసారి ఆడండి. అంకెలు దగ్గరగా ఉంటే స్థాయి నిజమే. బాగా పడిపోతే మీకు 'నో మెర్సీ' మూలలు బట్టీ వచ్చాయన్నమాట, స్థాయి ఇంకా రాలేదు.

గీతల లెక్కకు మా గదిలో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ముగిసేసరికి ఎవరి గీతలు ఎక్కువైతే మర్నాడు ఉదయం ఉగ్గాని, బజ్జీ ఖర్చు వాళ్లదే. మొదటి వారం తర్వాత ఎవరి తుపాకీ అయినా స్నేహితుడి వీపు వైపు తిరగడం చాలా తగ్గిపోయింది.

జట్టులో ఒకరు మారితే పాత ఫలితం చెల్లదు, మళ్ళీ నార్మల్‌లో ఒక ఆటతో మొదలుపెట్టండి. కొత్తగా వచ్చినవాడికి షాట్‌గన్ మాత్రం రెండో సాయంత్రం దాకా ఇవ్వకండి.